మేజోటి మీద విమానం, చీర కొంగున గొల్లభామ

2018 డిసెంబరు మొదటి వారంలో అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ అంత్యక్రియలు జరిగాయి. ఆయన భౌతికకాయానికి తొడిగిన మేజోళ్ళ గురించి పత్రికలు ప్రత్యేకంగా రాశాయి. వాటి మీద బారులు తీరి ఎగురుతున్న జెట్ విమానాల బొమ్మలున్నాయి. 1943లో, ఇంకా 19 ఏళ్ళు నిండకముందే నౌకాదళ విమాన చోదకుడైన మనిషి ఆయన. చివరి ప్రయాణంలో ఆ సంగతిని గుర్తు చేయడానికి కుటుంబం ఎన్నుకున్న వస్తువు ఒక జత సాక్సులు. అవే సాదా నల్ల మేజోళ్ళయితే ఎవరూ పట్టించుకునేవారు కారు.

బొమ్మ లేని మేజోడు పాదాన్ని కాపాడుతుంది, చెమట పీల్చుకుంటుంది. బొమ్మ ఉన్న మేజోడూ చేసే పని అదే. అయినా రెండోదానికి ధర ఎక్కువ. పెద్ద పెద్ద మ్యూజియాల దుకాణాల్లో, విమానాశ్రయాల్లో, కానుకల అంగళ్ళలో పాత విమానాలు, కోటలు, ప్రసిద్ధ చిత్రాలు అల్లిన మేజోళ్ళు దొరుకుతాయి. కొనేవారు అక్కడ నూలుకంటే జ్ఞాపకానికే ఎక్కువ చెల్లిస్తున్నారు. ఈ అదనపు ధర ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతికి చేరుతుంది అన్నది ఈ పాఠంలో మనం పరిశీలించే విషయం. దానికి సిరిసిల్లను ఉదాహరణగా తీసుకుందాం. సిరిసిల్లలో మేజోళ్ళు చేయరు కదా అని మీకు సందేహం రావచ్చు. నిజమే. ఎందుకు చేయలేరో తెలిస్తే గుడ్డ తయారీలో సగం సంగతి తెలిసినట్టే. ముందు అక్కడి నుంచే మొదలుపెడదాం.

నేత వేరు, అల్లిక వేరు

ఇంట్లో ఒక లుంగీనీ ఒక బనియన్‌నూ పక్కపక్కన పెట్టుకోండి. రెండింటినీ అడ్డంగా పట్టి లాగండి. లుంగీ సాగదు, బనియన్ సాగుతుంది. లుంగీలో పడుగు దారాలు నిలువుగా, పేక దారాలు అడ్డంగా ఒకదానినొకటి దాటుతూ బిగుసుకుని ఉంటాయి. అది నేత. బనియన్‌లో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం సూదుల మీద లూపులుగా వంగి, ఒక వరుస లూపుల్లోంచి ఇంకో వరుస లూపులు దూరుతాయి. అది అల్లిక. లూపు వంగి ఉంటుంది గనుక లాగినప్పుడు తెరుచుకుంటుంది, వదిలితే మళ్ళీ ముడుచుకుంటుంది. మడమ దాటించి తొడగాల్సిన వస్తువుకు ఈ గుణమే కావాలి. మేజోడు అల్లికలోనే రావడానికి కారణం ఇదే. సిరిసిల్ల సాంచా మీద ఎంత నైపుణ్యం ఉన్న కార్మికుడైనా మేజోడు తీయలేడు. (మన పాఠాల్లో మరమగ్గం అని రాస్తాం గానీ సిరిసిల్లలో ఎవరిని అడిగినా సాంచా అనే చెబుతారు. ఇక్కడ నేనూ ఆ మాటే వాడతాను.)

అల్లిక యంత్రం చరిత్ర పాతది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గరి కాల్వర్టన్ గ్రామానికి చెందిన విలియం లీ 1589లో మేజోళ్ళల్లే చట్రాన్ని కనిపెట్టాడు. రెండు శతాబ్దాల తర్వాత, 1811లో, అదే ప్రాంతంలో మేజోళ్ళ కార్మికులు రాత్రిపూట వెళ్ళి చట్రాలు పగలగొట్టారు. వారినే చరిత్రలో లుడ్డైట్లు అంటారు. యంత్రమంటే గిట్టనివారికి ఆ పేరు ఇప్పటికీ తిట్టుగా వాడుతుంటారు. అది వారికి చేసిన అన్యాయమని నా అభిప్రాయం. వారు తరతరాలుగా యంత్రం మీద బతికినవారే. వెడల్పాటి అల్లిక గుడ్డను కత్తిరించి, కుట్టి, నాసిరకం మేజోళ్ళను చౌకగా అమ్మే యజమానుల మీద, దానివల్ల పడిపోయిన కూలి రేట్ల మీద వారి కోపం. సరుకు చౌకబారుదైతే చేసే మనిషి కూలీ దానితోపాటే పడిపోతుందని వారికి అనుభవం మీద తెలిసింది.

బొమ్మ ఎలా వస్తుంది

నేటి మేజోళ్ళ యంత్రం గుండ్రటి గొట్టంలా ఉంటుంది. గొట్టం చుట్టూ సూదులు నిలబడి ఉంటాయి. సాధారణంగా పెద్దల మేజోటికి 144, 168 లేదా 200 సూదులుంటాయి. 168 సూదుల యంత్రం ఒక్క చుట్టు తిరిగితే 168 లూపులు పడతాయి. ప్రతి లూపూ ఒక గడి. ముగ్గు పెట్టేటప్పుడు చుక్కలు లెక్కపెట్టుకున్నట్టే డిజైనరు గళ్ళు లెక్కపెట్టుకుంటాడు. మేజోటిని బల్లపరుపుగా పరిస్తే ఒక వైపు కనిపించేది సగం, అంటే 84 గళ్ళు. విమానం, దాని రెక్కలు, తోక, కిటికీలు అన్నీ ఆ 84 గళ్ళలోనే ఇమడాలి. కిటికీకి ఒక గడి దక్కడమే ఎక్కువ. అందుకే మేజోటి మీద విమానం ఎప్పుడూ బొమ్మలాగే ఉంటుంది, ఫోటోలా ఉండదు. ఒక వరుసలో వాడగల రంగులకూ హద్దుంది. ఐదారు రంగులు దాటించడం కష్టం.

ఇందులో ఇంకో చిక్కుంది. అల్లికలో గడి చతురస్రం కాదు, ఎత్తుకన్నా వెడల్పు ఎక్కువ. గ్రాఫ్ కాగితం మీద 40 గళ్ళ వెడల్పు, 40 గళ్ళ ఎత్తు ఉన్న గుండ్రటి చక్రం గీసి యంత్రానికి ఇస్తే అది నలిగిన చక్రంలా పొట్టిగా వస్తుంది. వరుసలు పెంచాలి. ఆ తర్వాత మేజోటిని కాలికి తొడిగితే అడ్డంగా సాగుతుంది. సన్నటి విమానం లావెక్కుతుంది. కాబట్టి మంచి డిజైనరు బొమ్మను తెర మీద చూసి తృప్తి పడడు. ఒక నమూనా అల్లించి, కాలికి తొడిగించి చూసి, గళ్ళు సరిదిద్ది, మళ్ళీ అల్లిస్తాడు.

మేజోటిని లోపలి వైపు తిప్పి చూడండి. ముందు వైపు కనిపించని రంగు దారాలు వెనక వేలాడుతూ పోతుంటాయి. వాటిని పొడవుగా వదిలేస్తే కాలివేళ్ళు తగులుకుంటాయి. చౌక సరుకుకూ మంచి సరుకుకూ తేడా చాలాసార్లు ఈ లోపలి వైపే తెలుస్తుంది. అంగట్లో కొనేవారెవరూ తిప్పి చూడరు, అది వేరే సంగతి.

అల్లకుండా అచ్చువేసే పద్ధతి కూడా ఉంది. తెల్లటి పాలిస్టర్ మేజోటి మీద వేడితో రంగును ఎక్కిస్తారు. ఫోటోలాంటి బొమ్మ వస్తుంది, 50 జతల ఆర్డరు అయినా గిట్టుబాటవుతుంది. కానీ తొడిగి సాగదీస్తే మధ్యలోంచి తెల్లదనం బయటపడుతుంది.

నేతలో బొమ్మ దారి వేరు. సాదా సాంచా పడుగు దారాలను రెండు జట్లుగా మాత్రమే ఎత్తి దించుతుంది. దానితో సాదా నేత తప్ప ఏమీ రాదు. డాబీ బిగిస్తే జట్లు పెరుగుతాయి, అంచుల్లో చిన్న చిన్న పువ్వులు, గీతలు, గళ్ళు వేయవచ్చు. జకార్డ్ బిగిస్తే దారాలను విడివిడిగా పలికించవచ్చు, నెమలి కావాలంటే నెమలి, విమానం కావాలంటే విమానం. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో రూపొందించిన ఈ సాధనంలో బొమ్మ అంతా అట్టలకు పొడిచిన రంధ్రాల్లో ఉండేది. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ ఫైలు చేస్తోంది. పోచంపల్లిలో ఇంకో తీరు. అక్కడ నేయకముందే దారానికి ముడులు కట్టి రంగులద్దుతారు. మగ్గం ఎక్కేసరికి బొమ్మ దారంలోనే ఉంటుంది. సిద్దిపేట గొల్లభామ చీరలో తలపై కుండతో నడిచే భామను అదనపు పేక దారంతో నేస్తారు. ఒక్కో భామకు రంగు దారాన్ని నేతగాడు చేత్తో అందిస్తూ, గుడ్డ పెరిగేకొద్దీ ఆమెను పాదాల నుంచి కుండ దాకా వరుసవరుసగా నిలబెడతాడు. పని నెమ్మది. ధర కూడా అందుకు తగ్గట్టే ఉండాలి, కాని అన్నివేళలా ఉండదు.

సిరిసిల్ల ఏమి నేస్తుంది

మానేరు ఒడ్డున ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాకు కేంద్రమైంది. వేల సంఖ్యలో సాంచాలు ఉన్న పట్టణం ఇది. తెలంగాణలో మరమగ్గాల పరిశ్రమ అంటే ముందు గుర్తొచ్చేది దీని పేరే. నేసేది ఎక్కువగా పాలిస్టర్ గుడ్డ, కొంత లంగాలకు వాడే కాటన్ గుడ్డ. పాలిస్టర్ నూలు బయటి నుంచి వస్తుంది. నేసిన గుడ్డ రంగూ అచ్చూ లేకుండానే గ్రే గుడ్డగా చాలామటుకు బయటికే పోతుంది. రంగు, అచ్చు, కుట్టు, పేరు అన్నీ వేరేచోట తగులుకుంటాయి. ధరలో లావైన వాటా కూడా ఆ వేరేచోటే మిగులుతుంది.

ఊరి లోపలి ఏర్పాటు కూడా తెలుసుకోవాలి. నూలు పెట్టుబడి పెట్టే యజమాని ఒకరు. ఆయన ఇచ్చిన బీములు నేయించి కూలి తీసుకునే ఆసామి ఇంకొకరు. ఆసామి సాంచాల దగ్గర పనిచేసే కార్మికుడు మూడోవాడు. వీరి చుట్టూ వైపని, వార్పిన్ కార్మికులు, కండెలు చుట్టే ఆడవాళ్ళు ఉంటారు. కార్మికుడికి కూలి మీటరు లెక్కన. గుడ్డ సాదాదైతే మీటరు కూలి పెరగడానికి ఆస్కారమే తక్కువ. పాలిస్టర్ ధర పడితే, కరెంటు చార్జీ పెరిగితే, భివండీలోనో సూరత్‌లోనో అదే గుడ్డ పైసలు తక్కువకు దొరికితే, ముందుగా ఆగేది ఈ సాంచాలే. అలా ఆగిన రోజుల్లో అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కార్మికుల వార్తలు వరుసగా వచ్చి, ఈ ఊరిని ‘ఉరిసిల్ల’ అని కూడా అన్నారు. గుడ్డలో డిజైన్ ఉందా లేదా అన్నది ఇక్కడ అందచందాల ప్రశ్నగా మిగలలేదు.

2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం ఈ స్థితిని కొంత మార్చింది. ఏటా సుమారు కోటి చీరలు అవసరమయ్యే పని. ఆ ఆర్డర్ల కోసం సాంచాలకు డాబీలు బిగించుకున్నారు, అంచుల్లో జరీ నేశారు, ఏటికేడు డిజైన్లు మార్చారు. సాదా గుడ్డ తప్ప తెలియదన్న సాంచాల మీద వందల రకాల అంచులు వచ్చాయి. నైపుణ్యం లేదనే మాట అక్కడితో చెల్లదు. అయితే కొనేవాడు ఒక్కడే, అదీ ప్రభుత్వం. 2024లో ఆ చీరలు ఆగిపోగానే సాంచాలూ ఆగిపోయాయి. తర్వాత మహిళా సంఘాల చీరల పేరుతో మళ్ళీ ఆర్డర్లు వచ్చాయి. డిజైన్ నేర్చారు గాని, దాన్ని అంగడిలో అమ్ముకునే దారి ఇంకా ఏర్పడలేదని ఈ ఆటుపోట్లు చెబుతున్నాయి.

అదే ఊళ్ళో కొత్తదనానికి పేరుపొందిన నేతగాళ్ళూ ఉన్నారు. నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి ప్రసిద్ధుడయ్యారు. ఆయన కుమారుడు విజయ్ ఆ విద్యను కొనసాగించారు. యెల్ది హరిప్రసాద్ జి-20 చిహ్నాన్ని చేతిమగ్గం మీద నేసి ప్రధానమంత్రికి పంపితే, 2022 నవంబరు 27న ‘మన్ కీ బాత్’లో ఆయన పేరు దేశమంతా వినిపించింది. ఇవి నిజంగా గొప్ప పనులు. కాని విద్యార్థులుగా మీరు ఒక అడుగు ముందుకు వేసి ఆలోచించాలి. జి-20కి మన దేశం అధ్యక్షత వహించింది 2022 డిసెంబరు నుంచి 2023 నవంబరు దాకా. ఆ చిహ్నానికి గిరాకీ ఆయుష్షు ఆ ఏడాదే. చిహ్నం నేసిన చేయి మాత్రం మిగిలి ఉంది. ఆ చేతికి తర్వాతి డిజైన్ ఎవరు అందిస్తారు? పత్రికలో ఫోటో ఆ పని చేయదు.

ఒక చిన్న లెక్క

కొత్తదనం అమ్మేవారి చిక్కు లెక్కలో బాగా కనిపిస్తుంది. ఒక మేజోటి బొమ్మ గీయడానికి, నమూనాలు అల్లి సరిదిద్దడానికి, యంత్రం మీద రంగు నూళ్ళు మార్చడానికి కలిపి 6,000 రూపాయలు అయిందనుకుందాం. ఇది ఊహించిన అంకె మాత్రమే. 60 జతలు అమ్మితే జతకు 100 రూపాయల భారం. 600 అమ్మితే 10 రూపాయలు. 6,000 అమ్మితే ఒక్క రూపాయి. సాదా నల్ల మేజోళ్ళు లక్షల్లో అమ్ముతారు గనుక వారికి ఈ భారం లెక్కలోకే రాదు. విమానం బొమ్మ కొనేవారు కొద్దిమందే. పైగా వచ్చే ఏడాది వారికి ఇంకో బొమ్మ కావాలి.

ఒకే ఊరు ఒకే సరుకు మీద బతికితే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఊళ్ళున్నాయి. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఫోర్ట్ పేన్ తనను ప్రపంచ మేజోళ్ళ రాజధాని అని చెప్పుకునేది. వందకు పైగా మిల్లులుండేవి. చౌక దిగుమతులు రావడంతో ఎక్కువ భాగం మూతపడ్డాయి. ఆ గిరాకీని అందుకున్న వాటిలో చైనాలో జుజీ నగరం పక్కనున్న దాతాంగ్ ఒకటి. ప్రపంచంలో అమ్ముడయ్యే మేజోళ్ళలో సుమారు మూడో వంతు అక్కడివేనని చెబుతారు. దాతాంగ్‌లో నూలు అంగడి, యంత్రాల మరమ్మతు, రంగుల అద్దకం, డిజైను, ప్యాకింగు అన్నీ ఒకేచోట కుదురుకున్నాయి. 60 జతల ఆర్డరును కూడా వారు కాదనకుండా ఉండగలగడానికి ఈ ఇరుగుపొరుగే కారణం. సిరిసిల్లలో సాంచాలున్నాయి, తంగళ్ళపల్లి మండలంలో టెక్స్‌టైల్ పార్కుంది, పెద్దూరులో అపారెల్ పార్కుంది. నేత ఒకచోట, కుట్టు ఒకచోట ఉన్నాయి. మధ్యలో రంగూ అచ్చూ డిజైనూ పలచగా ఉన్నాయి. నన్నడిగితే, ఇంకో వెయ్యి సాంచాలకన్నా ఒక మంచి అద్దకం యూనిట్, పదిమంది జీతానికి పనిచేసే డిజైనర్లు ఈ ఊరికి ఎక్కువ మేలు చేస్తారు.

వారసత్వం ఎవరిది

డిజైను కోసం వెతికేవారికి వారసత్వం చేతికందే పెట్టెలా కనిపిస్తుంది. ఇక్కడ కొంచెం ఆగాలి. గొల్లభామ సిద్దిపేటది, సిద్దిపేట సిరిసిల్లకు పక్క జిల్లా. జకార్డ్ బిగించిన సాంచా మీద గొల్లభామను గంటల్లో దించవచ్చు. అప్పుడు రోజుల తరబడి చేత్తో నేసిన పొరుగువాడి గతి ఏమిటి? రెండు ఊళ్ళ నేతగాళ్ళూ ఎక్కువమంది ఒకే కులంవారు, బంధువులు కూడా. ఈ పోటీని తగ్గించడానికే 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం వచ్చింది. దాని కింద ఇప్పుడు 11 రకాల వస్త్రాలు చేతిమగ్గానికే కేటాయించారు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు తొలి విడతలోనే ఆ గుర్తింపు దక్కింది, తర్వాత గొల్లభామకూ వచ్చింది. అయినా ఇక్కత్ బొమ్మను మామూలు గుడ్డ మీద అచ్చువేసి పోచంపల్లి పేరుతో అమ్మడం ఆగలేదు. చట్టం పేరును కాపాడుతుంది. పేరు చెప్పకుండా ఆ పోలికను వాడుకునేవారిని పట్టుకోవడం దానికి కష్టం.

మీరు సొంతంగా ఒక బొమ్మ గీస్తే దానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. పదేళ్ళు రక్షణ ఉంటుంది, ఇంకో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. నమోదుకు ముందే అంగట్లో పెడితే కొత్తదనం పోయినట్టే, నమోదు కాదు. ఇంకో మెలిక చాలామందికి తెలియదు. నమోదుకు అర్హమైన డిజైనును నమోదు చేయకుండా యంత్రం మీద 50 సార్లకు మించి తయారుచేస్తే కాపీరైటు కూడా పోతుంది.

ఇక మేజోటికి ప్రత్యేకంగా ఉన్న చిక్కు, అది కాలికి తొడిగేది కావడం. కాగితానికి పాదం తగిలితే కళ్ళకద్దుకునే ఇళ్ళు మనవి. జాతీయ గౌరవ చట్టం ప్రకారం నడుము కింద ధరించే దేనిమీదా జాతీయ పతాకం ఉండకూడదు. 2017 జనవరిలో ఒక విదేశీ వెబ్‌సైట్‌లో మన పతాకం ముద్రించిన కాలిపట్టాలు కనిపిస్తే విదేశాంగ మంత్రే జోక్యం చేసుకుని తీయించారు. చట్టం చెప్పనిచోట కూడా సున్నితం ఉంటుంది. చార్మినార్ అందమైన బొమ్మే, పై అంతస్తులో మసీదు ఉంది. కాకతీయ తోరణం ఒకప్పుడు శివాలయానికి ద్వారం. బతుకమ్మ సాక్షాత్తు గౌరమ్మ. విదేశంలో మ్యూజియం దుకాణం చేసే పనిని మనం కళ్ళు మూసుకుని అనుకరిస్తే గొడవ కొనితెచ్చుకున్నట్టే. చేతిరుమాలు మీదో సంచి మీదో సరిపోయే బొమ్మ మేజోటి మీద సరిపోకపోవచ్చు.

ఆ లెక్కన విమానం చాలా మంచి బొమ్మ. దాన్ని ఎవరూ పూజించరు, ఆకాశం వైపు చూసే పిల్లలందరికీ ఇష్టం. మనకు సొంత విమాన చరిత్ర కూడా ఉంది. నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి 1945లో పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు బేగంపేట నుంచి ఎగిరేవి. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఎయిర్ ఇండియా విమానాల్లో పనిచేసే ఆడవాళ్ళు పోచంపల్లి పట్టుచీరలు కట్టుకున్న కాలం ఒకటుంది. అంటే మన నేత విమానం మీద బొమ్మగా కాక విమానం లోపలికే వెళ్ళింది. ఇలాంటి కథలు డిజైనుకు ముడిసరుకు. సంస్థల చిహ్నాలు, 1946 నాటి మహారాజా బొమ్మలాంటివి మాత్రం ట్రేడ్‌మార్కులు, అనుమతి లేకుండా ముట్టుకోరాదు.

చేసి చూడండి

ఒక గ్రాఫ్ కాగితం మీద 84 గళ్ళ వెడల్పు, 100 గళ్ళ ఎత్తు గీత గీసుకోండి. అందులో మీ ఊరికి చెందిన ఒక వస్తువును, దేవతా రూపం కానిదాన్ని, మూడు రంగులకు మించకుండా నింపండి. ఏ రంగు దారమైనా వరుసగా ఎనిమిది గళ్ళకు మించి వెనక వేలాడుతుందేమో లెక్కపెట్టి చూసుకోండి, వేలాడితే మధ్యలో ఒక చుక్క కలపండి. తర్వాత అదే బొమ్మను సాంచా మీద నేయాలంటే డాబీ సరిపోతుందా, జకార్డ్ కావాలా అని పక్కన రాయండి. ఆ బొమ్మ ఎవరిదైనా జీవనాధారమేమో విచారించి, వారి ఊరి పేరు కాగితం అడుగున రాసి, సంపర్క తరగతికి వచ్చేటప్పుడు తీసుకురండి.